అక్షరాల చాప

మా పునరావాస కేంద్రంలో ముందుగా కొలవకుండా ఎవరి చేతా కాలు ఎత్తించకూడదని ఉత్తర్వు వచ్చినప్పుడు, నిజం చెప్పాలంటే, నేను సంతోషించాను.

అంతకుముందు మాకు కొలతంటూ లేదు. పక్షవాతం వచ్చినవాళ్ళను బంధువులు ఆటోల్లో తెచ్చి దించేవారు. మేం వాళ్ళ చేత చేతులెత్తించి, మోకాళ్ళు వంచించి, గోడ పట్టించి నడిపించి, సాయంత్రం రికార్డులో ‘కొంత మేలు’ అని రాసేవాళ్ళం. అందరికీ అదే. ఊరెళ్ళిపోయి మళ్ళీ రానివాళ్ళకూ కొంత మేలే. కిందటి వేసవిలో కాలం చేసిన ఒక పెద్దాయనకైతే, ఆయన పోయాక కూడా కొన్నాళ్ళపాటు కొంత మేలు చేస్తూనే వచ్చింది. అందుకని పరిశోధనలో నిగ్గు తేలిన కొలమానం ఒకటి వస్తోందంటే, ఫిజియోథెరపీ చదివి ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి నా చదువుకు పని పడుతుందనుకున్నాను.

వచ్చింది ఒక చాప.

మంచి చాపే. పది మీటర్ల పొడవున దళసరి రబ్బరు, దాని కడుపులో సన్నని తీగలు. మనిషి ఒక చివర నుంచి రెండో చివరకు వెళితే, బరువు ఏ పక్క ఎంత పడింది, ఎంతసేపు పట్టింది, అన్నీ కంప్యూటరుకు చెబుతుంది. దాని పేరు ‘గమన సామర్థ్య మాపక పటలం’. విదేశంలో పుట్టినప్పుడు దాని మీద నల్లటి గీతలు తప్ప మరేమీ లేవట. అయితే ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం పద్ధతి కాదని రాజధానిలో ఒక అనుసరణ సంఘం కూర్చుంది. గీతలు మన ప్రజలకు అర్థం కావని, మన సంస్కృతికి తగ్గట్టు ఉండాలని, చాప పొడవునా తెలుగులో సూచనలు అచ్చు వేయించింది. ‘ఇక్కడ నిలబడండి.’ ‘కుడికాలు ముందుకు.’ ‘నిదానంగా నడవండి.’ ఒక్కో అక్షరం పళ్ళెమంత ఉంది. భాషా నిపుణులు వాటిని ఇంగ్లీషులోంచి తెలుగులోకి, మళ్ళీ తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చి చూసి, అర్థం ఎక్కడా చెడలేదని ధ్రువీకరించారు. ఆ సంఘంలో పాదాల గురించి ఎవరూ మాట్లాడినట్టు లేదు.

మా సూపరింటెండెంటు డాక్టర్ చక్రధరరావు గారు దైవభక్తి కలవారు. కేంద్రానికి ఫ్రిజ్ వచ్చినా బొట్టు పెట్టకుండా ప్లగ్గు పెట్టనివ్వరు. చాపను వరండాలో పరిపించి, పూజారి భీమశంకరం గారిని పిలిపించి, నాలుగు మూలలా పసుపు కుంకుమలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇప్పించారు. సిబ్బందీ రోగులూ వరుసగా వచ్చి హారతి కళ్ళకద్దుకున్నారు.

“ఇది చాప కాదు. సాక్ష్యాధార వైద్యం సామాన్యుని చెంతకు చేరిన శుభ ఘడియ” అని సూపరింటెండెంటు గారు ఉపన్యసించి, ఉత్తర్వు చదివారు. “ప్రాథమిక కొలత నమోదు కానిదే చికిత్స ప్రారంభించరాదు. కొలతకు పూర్వం చేయించు వ్యాయామము దత్తాంశమును కలుషితము చేయును.”

“అంటే ఏంటి సార్?” అని అడిగాను.

“కొలతకి ముందు రోగి బాగుపడకూడదమ్మా గౌరీ. బాగుపడ్డాడనుకో, మనవల్లే బాగుపడ్డాడని రుజువేదీ?”

మొదటి రోగి పారమ్మ. దగ్గరి పల్లెలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. పరీక్షలకు కాస్త ముందు ఒక ఉదయం బియ్యం కడుగుతూండగా ఎడమ చేయీ ఎడమ కాలూ పడిపోయాయి. పెద్దాసుపత్రిలో ప్రాణానికి ఫరవాలేదని చెప్పి మా దగ్గరకు పంపారు. చేతికర్రతో, అక్క కూతురి భుజం పట్టుకుని వచ్చింది. వచ్చీరాగానే తన భయం చెప్పింది.

“బడులు తెరిసీసరికి నడిసి రావాల, కాయితం తేవాల అన్నారు తల్లీ హెడ్మాస్టరు గారు. నేకపోతే ఇంకో మనిసిని పెట్టేసుకుంటారు. ఆ పొయ్యి తప్ప నాకింకోటి నేదు.”

“తొందరగానే నడిపిద్దాం. ముందు కొలవాలి. రా, దీని మీద నిలబడు.”

పారమ్మ చాప దాకా వచ్చి ఆగింది. వంగి, కుడిచేత్తో చాప అంచు తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది.

“నడు పారమ్మా.”

“ఎక్కడ నడవను తల్లీ?”

“దీని మీదే.”

“అచ్చరాలు కదా?”

“అవును.”

“అచ్చరాల మీద కాలెట్టమంటావేటి?” అంది, నేనేదో తప్పుగా చెప్పినట్టు, సరిదిద్దుకునే అవకాశం ఇస్తూ.

“నీకు చదువొచ్చా?”

“నేదు. అందుకే మరీ బయం. సదువుకున్నోలయితే ఏ అచ్చరం ఏటో తెలుస్తాది, సూసుకుని అడుగేస్తారు. నాకేటి తెలుస్తాది, పోయి పోయి ఏ దేవుడి పేరు తొక్కీస్తానో! అదీకాక బాబుగారు ఇందాకే కదా దీనికి హారతిచ్చేరు.”

తర్వాతి రోగి పదవీ విరమణ చేసిన తాలూకా గుమాస్తా. ఆయన చదువుకున్నవాడు కదా అని పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని ‘ఇక్కడ నిలబడండి’ అని పైకి చదివి, అచ్చు బాగుందని మెచ్చుకుని, చాప పక్కన నేల మీద నిలబడ్డారు. కుట్టుపని చేసే కరీం సాహెబును పిలిచాను. “రాత ఏ భాషదైనా రాతేనమ్మా” అని ఆయన బెంచీకి తిరిగి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఒక్కరూ చాప ఎక్కలేదు. కొలత లేదు కనుక ఒక్కరికీ చికిత్స లేదు. అందరూ బెంచీల మీద కూర్చుని, తాము తొక్కని చాపను చూస్తూ గడిపారు.

సూపరింటెండెంటు గారు రాష్ట్ర సమన్వయకర్త హైమవతి గారితో వీడియోలో మాట్లాడారు. ఆవిడ తెర మీద నుంచే మా వరండా అంతా పరికించి, “ఇది రోగుల లోపం కాదు. సాధన వినియోగ సంసిద్ధత లోపం. అవగాహన కల్పించండి” అన్నారు.

అవగాహన కల్పించడానికి రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చారు. మైకు పెట్టించుకుని, “మీరు వీటిని అక్షరాలనుకుంటున్నారు. శాస్త్రీయంగా ఇవి అక్షరాలు కావు. దృశ్య సంకేతాలు” అని విడమరిచి చెప్పారు. అందరూ శ్రద్ధగా విన్నారు. పారమ్మ కుడిచెయ్యి ఎత్తింది.

“బాబూ, అయితే తవరోపాలి నడిసి సూపించండి.”

“తప్పకుండా” అన్నారాయన. బూట్లు విప్పారు. మేజోళ్ళు విప్పారు. చాప ముందు నిలబడి ‘ఇక్కడ నిలబడండి’ అన్న దృశ్య సంకేతాన్ని కాసేపు చూశారు. మళ్ళీ మేజోళ్ళు తొడుక్కుని, రైలుకు వేళైందన్నారు. వెళుతూ వెళుతూ బూటు అంచు పొరపాటున చాపకు తగిలింది. ఆయన ఠక్కున వంగి చాప తాకి కళ్ళకద్దుకుని, మేమెవరమూ చూడలేదు కదా అని చుట్టూ చూశారు. మేమందరం చూశాం.

“అసలు చిక్కు పూజలో ఉంది” అని సూపరింటెండెంటు గారు తేల్చి, భీమశంకరం గారిని మళ్ళీ పిలిపించారు. ఆయన మంత్రాలు చదివి, చాపకు శాస్త్రోక్తంగా ఉద్వాసన చెప్పారు.

“ఇక తొక్కొచ్చా పంతులుగారూ?”

“నేను పిలిచినవారిని నేను పంపించేశానండి. అక్షరాలను పిలిచింది నేను కాదు కదా” అని ఆయన సంభావన పుచ్చుకుని వెళ్ళిపోయారు.

ఆ మీదట చాప మీద దుప్పటి పరిచాం. రాజధాని నుంచి తాఖీదు వచ్చింది. ‘పాదమునకు, పటలమునకు మధ్య పరిశోధించబడని పొర ఏర్పడినందున కొలత చెల్లదు.’ రోగుల కళ్ళకు గంతలు కడితే ఎలా ఉంటుందని సూపరింటెండెంటు గారు ఆలోచించారు.

“నాకు అవుపడనంత మాత్రాన అవి ఎక్కడికీ ఎలిపోవు కదా బాబూ” అంది పారమ్మ.

చివరికి హైమవతి గారే దారి చూపించారు. “కొలత జరగలేదని ఎందుకు బాధపడుతున్నారు? నడవనివారికి సున్న వేయండి. సున్న కూడా కొలతే.”

వేశాం. రోగులందరికీ సున్నలు పడ్డాయి. సున్న వచ్చినవారి గురించి మార్గదర్శికలో స్పష్టంగా ఉంది: ‘పూర్తి పరాధీనత. నడక వ్యాయామము ప్రమాదకరము. విశ్రాంతి ఇవ్వవలెను.’ గేటు నుంచి నడిచి వచ్చిన మనుషులకు, నడిపిస్తే ప్రమాదమని చెప్పి విశ్రాంతి ఇచ్చాను. నెలాఖరున రాజధానిలో గోడ మీది పటంలో మా జిల్లా అంతా ఎర్రగా కనిపించిందట. జిల్లాలో నడవగలిగిన రోగి ఒక్కడూ లేడు. అయితే ఫారాల్లో ఒక్క గడి కూడా ఖాళీ వదలని కేంద్రం మాదేనని మాకు జ్ఞాపిక వచ్చింది. సూపరింటెండెంటు గారు దానికి బొట్టు పెట్టి అలమారాలో ఉంచారు.

ఇక్కడ మా వరండా గురించి చెప్పాలి. అది ఇరుకు. చాప పరిచాక గోడవారగా జానెడు నేల మిగిలింది. తాగే నీళ్ళూ, మరుగుదొడ్డీ అవతలి చివర ఉన్నాయి. విశ్రాంతిలో ఉన్నవాళ్ళకు కూడా దాహం వేస్తుంది. వాళ్ళు గోడకు అరచేయి ఆనించి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఆ జానెడు నేల మీద అడుగు ముందు అడుగు వేసుకుంటూ వెళ్ళేవారు. పడిపోయిన కాలిని ఈడిస్తే చాపకు తగులుతుంది. అందుకని పైకెత్తి వేసేవారు. “ఈడ్చకు, ఎత్తు” అని నేను పాత రోజుల్లో గొంతు పోయేలా అరిచినా ఎత్తని కాళ్ళు, అక్షరాలకు భయపడి లేచాయి. నేను వాళ్ళకు ఏ చికిత్సా చేయలేదు. కుర్చీలో కూర్చుని చూశాను, అంతే. నీళ్ళ కుండ ఇటు మార్చమంటారా అని ఆయా అడిగితే మాత్రం వద్దన్నాను. నీళ్ళు తాగడం చికిత్స కిందికి వస్తుందని ఉత్తర్వులో లేదు.

పారమ్మకు దాహం ఎక్కువ. ఎండలు ముదిరేసరికి అక్క కూతురిని తోడు రావద్దంది. మామిడిపళ్ళు వచ్చేసరికి కర్ర మరిచిపోయి ఇంటికెళ్ళడం మొదలుపెట్టింది. బడులు తెరిచే వారం వచ్చింది.

“కాయితం ఇప్పించు తల్లీ. సోమారం బడి.”

ధ్రువపత్రాలు ఇప్పుడు మనుషులు రాయడం లేదు. కొలతను బట్టి కంప్యూటరే రాస్తుంది. పారమ్మ పేరు కొట్టాను. అవతలి గదిలో యంత్రం అచ్చు వేసింది. పారమ్మే లోపలికి వెళ్ళి కాగితం తీసుకుని, గడప దాటి, నా దగ్గరికి నడిచొచ్చి ఇచ్చింది.

“ఏటుంది తల్లీ?”

“నువ్వు నడవలేవని ఉంది.”

ఆవిడ నవ్వలేదు. వెనక్కి తిరిగి, తను నడిచొచ్చిన దారి చూసుకుంది.

నేను సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళాను. “సార్, ఆవిడ నడుస్తోంది. మీరూ చూశారు. వంటపని పోతుంది సార్.”

“నడుస్తోందమ్మా. నేను కాదనడం లేదు” అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. “కాని నువ్వు చెప్పేది పరిశీలన. కంప్యూటరులో ఉన్నది సాక్ష్యం. రెండూ ఒకటి కావు. ఆవిడ్ని ఒక్కసారి చాప మీద నడవమను. అంతకంటే నేనేం చెయ్యలేను.”

బయటికి వచ్చి ఆ మాటే చెప్పాను. పారమ్మ చాప వైపు చూసింది.

“పిల్లలు పలకల్ని తొక్కితే నానే సెవి మెలేస్తాను తల్లీ. ఇప్పుడు ఆ పిల్లలకి వండటం కోసరమని నానే తొక్కితే, ఆ అన్నం ఎలాగ వొడ్డించీది?” అని, “కాలెట్టకుండా అటు సేరితే ఒప్పుకోరేటి?” అంది.

నేను నిబంధనల పుస్తకం తీశాను. ‘ప్రారంభరేఖ నుండి ముగింపురేఖ వరకు, పరసహాయము లేకుండా, పటలమును వీడకుండా దూరమును పూర్తి చేయవలెను.’ మళ్ళీ చదివాను. అనుసరణ సంఘం తెలుగులోకి, ఇంగ్లీషులోకి, మళ్ళీ తెలుగులోకి మార్చుకుంటూ పోయిన దారిలో నడక ఎక్కడో జారిపోయింది. కాలు అన్న మాట కూడా లేదు.

“దూరం దాటాలని ఉంది. ఎలాగో లేదు.”

పారమ్మ లేచి కొంగు నడుముకు బిగించింది. జుట్టు ముడి గట్టిచేసుకుంది. చాపకు దండం పెట్టి, అంచున కూర్చుని, మెల్లిగా పక్కకు ఒరిగి పడుకుంది. గుడి చుట్టూ మొక్కు తీర్చుకునేవాళ్ళు ఎలా చేస్తారో అలా, పాదాలు గాల్లోకి లేపి, పొర్లుదండాలు మొదలుపెట్టింది.

బెంచీల మీదివాళ్ళంతా లేచి నిలబడ్డారు. కంప్యూటరు మీద దీపాలు వెలిగాయి. ‘ఇక్కడ నిలబడండి’ మీదుగా పారమ్మ దొర్లింది. ‘కుడికాలు ముందుకు’ దగ్గర ఆగిపోయింది. ఎడమచెయ్యి ఒంటి కింద చిక్కుకుంది. గుమాస్తాగారు సాయం పట్టబోయారు.

“ముట్టుకోకండి! ముట్టుకుంటే మళ్ళీ సున్నే!” అని నేను అరిచాను. నేను వరండాలో అరవడం అందరూ మరిచిపోయి ఉంటారు.

“ఇంత దూరం వొచ్చీసి ఇక్కడ కూకుంటానేటి” అని పారమ్మ రొప్పుతూ, ఆ చేతికేసి చూసి, “రావే, నీకూ తిండెట్టేను కదే ఇన్నాళ్ళూ” అని తిట్టింది. వేళ్ళు కదిలాయి. మోచెయ్యి కదిలింది. చెయ్యి బయటికి వచ్చింది. మిగతా దూరం దొర్లి, ముగింపురేఖ దాటి, నేల మీద వెల్లకిలా పడుకుని ఆయాసపడింది.

కంప్యూటరు పూర్తి మార్కులు వేసింది. శరీరభారం రెండు పక్కలా సమానంగా పడిందని, ఎక్కడా తూలలేదని, ఇంతటి సమతుల్యత మా జిల్లాలో ఇదివరకు నమోదు కాలేదని కూడా చెప్పింది.

కరీం సాహెబు టోపీ తీసి జేబులో పెట్టుకున్నారు. గుమాస్తాగారు కళ్ళజోడు నా చేతికిచ్చి, తమ వంతు ఎప్పుడన్నారు. సాయంత్రానికి అందరూ పొర్లారు. రాజధానిలో పటం మీద మా జిల్లా ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారిపోయింది.

మర్నాడే హైమవతి గారు స్వయంగా వచ్చి ఇద్దరు రోగుల చేత పొర్లించి చూశారు. “సాధనాన్ని స్థానిక సమాజం తన సొంతం చేసుకోవడమంటే ఇదీ” అని కళ్ళు తుడుచుకున్నారు. ‘పొర్లు విధానం’ ఉత్తమ ఆచరణగా గుర్తించబడిందని, అన్ని కేంద్రాలూ తక్షణం అమలు చేయాలని ఆ సాయంత్రమే ఉత్తర్వు. నడుచుకుంటూ వచ్చే కొత్త రోగులకు ముందుగా పొర్లడం నేర్పే పని నాకు అప్పగించారు.

పారమ్మ కొత్త ధ్రువపత్రం తీసుకుని శనివారం బడికి వెళ్ళింది. గంటలో హెడ్మాస్టరు సత్యంనాయుడు గారి నుంచి ఫోను.

“మేడమ్, మీ కాగితం ఒకసారి మీరే వినండి. ‘ప్రాథమిక కొలతలోనే పూర్తి మార్కులు సాధించినందున ఈ వ్యక్తికి ఏ దశలోనూ వైకల్యము లేదు.’ సంతోషం. జబ్బే లేకపోతే పరీక్షల ముందు నుంచి వంటకి ఎందుకు రాలేదీవిడ? పైవాళ్ళు అడిగితే నేనేం రాసుకోవాలి? కారణం లేకుండా మానేసినవాళ్ళని తీసెయ్యమని మాకు రూలుంది.”

“జబ్బు ఉండేదండి. సున్నలు వేశాం.”

“ఆ సున్నలు ఎక్కడున్నాయి?”

చూశాను. పూర్తి మార్కులు రాగానే కంప్యూటరు పాత సున్నలను పొరపాటు నమోదు కింద తీసేసింది. పారమ్మకు పక్షవాతం వచ్చిన దాఖలా మా దగ్గర ఎక్కడా లేదు. ఫోనులో వెనక నుంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది. “కొలిసీ వరకూ ఉండీది బాబూ జబ్బు. కొలిసేక నేదంట.”

సూపరింటెండెంటు గారు ఈసారి నన్ను కూర్చోమన్నారు. కాగితం తీసుకుని తమ చేత్తో రాశారు. ఆయనకు ఉత్తరాలు రాయడంలో మంచి పేరుంది. ‘పై వ్యక్తి సదరు కాలమందు ఈ సంస్థలో సాక్ష్యాధార కొలమాన సాధనముల దైనందిన వినియోగమునందు శిక్షణలో ఉండిరి. శిక్షణను ప్రశంసనీయముగా పూర్తిచేసి, ఇతరులకు శిక్షణ ఇవ్వగల అర్హత పొందిరి.’

దాన్ని ఫోనులో చదివి వినిపించాను. “శిక్షణా!” అన్నారు సత్యంనాయుడు గారు ఊపిరి పీల్చుకుని. “ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ.” శిక్షణ అంటే ఆయనకు తెలుసు. ఏడాదిలో సగం రోజులు ఆయనా శిక్షణల్లోనే ఉంటారట.

సోమవారం బడి తెరిచారు. పారమ్మ తాళం తీసి పొయ్యి వెలిగించింది. పదకొండు దాటాక హెడ్మాస్టరు గారు మా కేంద్రానికి మళ్ళీ ఫోను చేశారు. ఈ నెల ఉపాధ్యాయుల సమావేశానికి శిక్షకులు ఎవరూ దొరకలేదని, వంటావిడ నేర్చుకొచ్చిన కొత్త విధానాన్ని ఆవిడ చేతే ఉపాధ్యాయులకు నేర్పించవచ్చా అని అడిగారు. సూపరింటెండెంటు గారు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు.

పారమ్మ మాత్రం ముందు అన్నం వార్చనివ్వమందట.